కొత్త కంప్యూటర్‌లో పాత ఆఫీస్: అదే ఎక్కించాలా, వేరేది చూసుకోవాలా?

ఆఫీస్ 2007 గానీ 2010 గానీ విండోస్ 11లో ఇన్‌స్టాల్ అవుతుందా అంటే, చాలా కంప్యూటర్లలో అవుతుంది. వర్డ్ తెరుచుకుంటుంది, ఎక్సెల్ లెక్కలు కడుతుంది. పేచీ వచ్చేదల్లా ఈమెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్‌తో, డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌తో, మ్యాక్రోలతో (పనులు వాటంతటవే జరిగేలా ఫైల్లో రాసుకునే చిన్న కోడ్). అందుకే ఏది మేలో తేల్చుకునే ముందు పాత కంప్యూటర్‌లో ఏయే రకం ఫైళ్లున్నాయో ఒకసారి చూడండి. ఉత్తరాలు, బయోడేటాలు, చిన్న పట్టికలే ఉంటే ఒక దారి. ఏళ్ల తరబడి మ్యాక్రోలు రాసుకుంటూ పెంచుకున్న ఎక్సెల్ షీటు ఉంటే ఇంకో దారి.

ముందు గడువుల సంగతి. ఆఫీస్ 2003కి 2014 ఏప్రిల్ 8తో, 2007కి 2017 అక్టోబర్ 10తో, 2010కి 2020 అక్టోబర్ 13తో, 2013కి 2023 ఏప్రిల్ 11తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. 2016, 2019 రెండూ 2025 అక్టోబర్ 14న ఒకేసారి ముగిశాయి. గడువు తీరితే ప్రోగ్రాం ఆగిపోదు, కొత్తగా బయటపడే లోపాలకు దిద్దుబాట్లు రావడం ఆగుతుంది. ఆఫీస్‌లో గణిత సూత్రాలు రాసే పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0లో 2017లో ఒక పెద్ద లోపం బయటపడింది. దాన్ని వాడుకునే ఫైలు తెరిస్తే చాలు, మాల్‌వేర్ చొరబడగలదు. మైక్రోసాఫ్ట్ చివరికి 2018 జనవరి అప్‌డేట్‌తో ఆ ఎడిటర్‌నే తీసేసింది. పాత సీడీ నుంచి ఎక్కించి అప్‌డేట్లు వేయకుండా వదిలేస్తే ఆ లోపం కూడా దానితోపాటే వస్తుంది.

పాతదాన్నే ఎక్కించడం

ఖర్చు లేదు, చేతికి అలవాటైన మెనూలు అలాగే ఉంటాయి. కాకపోతే కొన్ని అడ్డంకులు దాటాలి, అదీ ఈ వరసలోనే దాటితే మంచిది.

సెటప్ అసలు మొదలే కాకపోతే కంప్యూటర్ విండోస్ ఎస్ మోడ్‌లో ఉందేమో చూడండి. అందులో స్టోర్ యాప్‌లు తప్ప బయటి ప్రోగ్రాంలు నడవవు. దాన్నుంచి బయటికి రావడం ఉచితమే గానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ఇంకొకటి, విండోస్ 11 పూర్తిగా 64-బిట్ (ప్రోగ్రాం ఏ తరం ప్రాసెసర్‌కు రాశారో ఈ బిట్ సంఖ్య చెబుతుంది). అందుకని 16-బిట్ ప్రోగ్రాంలు దానిమీద నేరుగా నడవవు. 1990ల తొలినాళ్ల ఆఫీస్ సీడీ మీద ఆశ పెట్టుకోవద్దు.

కొత్త కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ 365 (చందా కట్టి వాడే ఆఫీస్) ట్రయల్ తరచూ ముందే ఉంటుంది. అది ఎక్కువగా 64-బిట్, మీ సీడీ నుంచి ఎక్కేది మామూలుగా 32-బిట్. ఈ రెండూ ఒకచోట ఇమడవు, సెటప్ మధ్యలోనే ఆగిపోయి ఆ మాట చెబుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ట్రయల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాకే పాతది ఎక్కించండి. ఎలాగో రెండు వెర్షన్లూ ఉండిపోతే, వర్డ్ తెరిచిన ప్రతిసారీ ‘కాన్ఫిగర్ చేస్తున్నాం, ఆగండి’ అంటూ ఒక పెట్టె వస్తుంటుంది. ఫైలు రకాలను ఏది తెరవాలన్న దానిమీద రెండూ పోటీపడుతుంటాయి. ఒకటి తీసేసి, ఉన్నదాన్ని రిపేర్ చేస్తే పోతుంది.

డీవీడీ డ్రైవ్ లేకపోతే పాత కంప్యూటర్‌లో సీడీని ఐఎస్ఓ ఫైలుగా (సీడీ మొత్తానికి నకలు) చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. విండోస్ 11లో దాన్ని రెండుసార్లు నొక్కితే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. సెటప్ ఫైలు మీద కుడి క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. ‘కస్టమైజ్’ ఎంచుకుని ఔట్‌లుక్ పక్కన ‘నాట్ అవైలబుల్’ పెట్టేయండి, కారణం కింద చెబుతాం. తర్వాత సర్వీస్ ప్యాక్ (ఎస్‌పీ, అప్‌డేట్లన్నీ కలిపిన మూట): 2007కి చివరిది ఎస్‌పీ3, 2010కి ఎస్‌పీ2. దాని ఫైలు పాత కంప్యూటర్‌లో ఇంకా ఉంటే అది కూడా తెచ్చుకోండి.

చాలామంది ఇరుక్కునేది యాక్టివేషన్ (లైసెన్సును మైక్రోసాఫ్ట్ దగ్గర ధ్రువపరచుకోవడం) దగ్గర. పాత కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఆఫీస్ అయితే ఆ లైసెన్సు ఆ పెట్టెకే పరిమితం, ఇంకోదానికి మార్చుకునే హక్కు లేదు. విడిగా కొన్నదైతే ముందు పాతదాంట్లోంచి తీసేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవచ్చు. యాక్టివేట్ చేయని 2007ని 25 సార్లు తెరవనిస్తుంది, ఆ తర్వాత ఫైళ్లు చదవడానికే గానీ సేవ్ చేయడానికి కుదరదు. అందుకే మొదటిరోజు బాగా పనిచేసిందని సంబరపడి పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయొద్దు.

అక్షరాలు మసకగా కనిపిస్తే లోపం ఆఫీస్‌ది కాదు. అది తక్కువ రిజల్యూషన్ తెరల కోసం రాసిన ప్రోగ్రాం. ప్రోగ్రాం ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్, అందులో హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ పెట్టి చూడండి. అదే ట్యాబ్‌లో ఉన్న కంపాటిబిలిటీ మోడ్‌ను మాత్రం ‘ఎందుకైనా మంచిది’ అని టిక్ చేయకండి. ఔట్‌లుక్‌ను ఆ మోడ్‌లో నడిపితే సెర్చ్ పనిచేయడం మానేస్తుంది.

ఔట్‌లుక్ వద్దన్నది అందుకు కాదు. పాత ఔట్‌లుక్‌కు తెలిసింది పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లడం ఒక్కటే. ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16 నుంచి ఆ పద్ధతినే ఆపేసింది. అక్కడ ఔట్‌లుక్ 2010కి ఇక దారి లేదు. జీమెయిల్ మీ మామూలు పాస్‌వర్డ్ తీసుకోదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారుచేసి ఇవ్వాలి. ఇన్ని తంటాలు పడ్డాక మిగిలేది అప్‌డేట్లు రాని ఈమెయిల్ ప్రోగ్రాం. తెలియనివాళ్లు పంపే ఫైళ్లన్నీ వచ్చిపడేది అందులోకే. వర్డ్ పాతదైనా సర్దుకోవచ్చు, ఔట్‌లుక్ విషయంలో సర్దుకోవద్దు.

వర్చువల్ మెషీన్‌లో దాచుకోవడం

వర్చువల్ మెషీన్ అంటే మీ కంప్యూటర్ లోపల ఒక ప్రోగ్రాంగా నడిచే ఇంకో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ లాంటి దాంట్లో పాత విండోస్ ఎక్కించి, అందులో పాత ఆఫీస్ నడపడం. 32-బిట్ విండోస్ అయితే 16-బిట్ ప్రోగ్రాంలు కూడా నడుస్తాయి. విండోస్ 7కి 2 జీబీ మెమరీ, 40 జీబీ డిస్క్ ఇస్తే సరిపోతుంది. మెషీన్ మొదలవకపోతే బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగ్స్) వర్చువలైజేషన్ ఆపేసి ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషీన్ సదుపాయం హైపర్-వీ వాడదామనుకుంటే అది విండోస్ హోమ్ ఎడిషన్‌లో రాదు. లోపల ఎక్కించే విండోస్‌కు కూడా లైసెన్సు కావాలన్నది మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

దీని బలమంతా నెట్‌వర్క్ తీసేయగలగడంలో ఉంది. ఇంటర్నెట్ లేని డబ్బాలో ఎంత పాత ప్రోగ్రామైనా నడుపుకోవచ్చు. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లోంచి బయటికి వస్తాయి. ప్రింటర్ డ్రైవర్ల జోలికి పోకుండా పీడీఎఫ్‌గా సేవ్ చేసి బయట ప్రింట్ తీయండి. 2007లో ఆ సదుపాయం ఎస్‌పీ2తో వచ్చింది. రోజూ ఉత్తరాలు రాసుకోవడానికి ఇంత హంగామా దండగ. నెలకోసారి తెరిచే పాత డేటాబేస్ ఒకటుంటే దీన్ని మించింది లేదు.

లిబ్రెఆఫీస్

ఆఫీస్ బదులు వాడుకునే వేరే ప్రోగ్రాం ఇది. ఉచితం, ఖాతా తెరవక్కర్లేదు, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వర్క్స్‌లో రాసిన ఫైళ్లు, పబ్లిషర్ ఫైళ్లు కూడా ఇది తెరుస్తుంది. మామూలు ఇంటి వాడకానికి మా ఓటు దీనికే. ఎక్కించగానే టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి, లోడ్/సేవ్ కింద ‘జనరల్’లో సేవ్ చేసే రకాన్ని వర్డ్, ఎక్సెల్ ఫార్మాట్లకు మార్చండి. లేకపోతే అది తన ఓడీటీ రకంలో సేవ్ చేస్తుంది, మీరు పంపిన ఫైలు అవతలివాళ్ల దగ్గర ఒక్కోసారి చెదిరిపోతుంది.

తేడా కొట్టేది మ్యాక్రోల దగ్గరే. సెల్స్‌లో అంకెలు అటూఇటూ మార్చే చిన్న వీబీఏ (మ్యాక్రోలు రాసే భాష) కోడ్ చాలావరకు నడుస్తుంది. బటన్లతో చేసిన ఫారాలు, యాక్టివ్‌ఎక్స్ (ఫైల్లో అమర్చే విండోస్ భాగాలు), విండోస్‌ను నేరుగా పిలిచే కోడ్ చాలావరకు సరిగా నడవవు. టెక్స్ట్ బాక్సులు, బొమ్మలు కిక్కిరిసిన వర్డ్ ఫైళ్లలో పేజీలు కాస్త జరుగుతాయి. యాక్సెస్ ఫారాలు, రిపోర్టులకు ఇందులోని డేటాబేస్ ప్రోగ్రాం ‘బేస్’ బదులు కాదు.

కొత్తది కొనడం

ఆఫీస్ 2024 ఒకసారి కొంటే చాలు, మద్దతు 2029 అక్టోబర్ 9 వరకు. కొనేముందు పెట్టెలో ఏముందో చదవండి. హోమ్ ఎడిషన్‌లో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, వన్‌నోట్ ఉంటాయి. ఔట్‌లుక్ కావాలంటే హోమ్ అండ్ బిజినెస్ తీసుకోవాలి, యాక్సెస్ ఆ రెండింట్లోనూ లేదు. మైక్రోసాఫ్ట్ 365 చందాలో యాక్సెస్ వస్తుంది, కానీ చందా ఆగితే ఫైళ్లు చూడటమే తప్ప మార్చలేరు. అప్పుడప్పుడూ ఒక పేజీ దిద్దుకునేవాళ్లకు బ్రౌజర్‌లో నడిచే ఉచిత వర్డ్ చాలు. దానితో వచ్చే ఉచిత వన్‌డ్రైవ్ 5 జీబీ. వీబీఏ మ్యాక్రోలు మాత్రం అందులో నడవవు.

పాత మ్యాక్రోలు, యాడ్-ఇన్‌లు (ఆఫీస్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాంలు) ఉన్నవాళ్లు కొత్తదాన్ని కూడా 32-బిట్‌గానే ఎక్కించండి. 64-బిట్‌లో పాత యాక్టివ్‌ఎక్స్ కంట్రోళ్లు పనిచేయవు, విండోస్‌ను పిలిచే కోడ్‌ను తిరగరాయాలి. ఎక్కించే ముందే ఎంచుకోవాలి, తర్వాత మార్చాలంటే మొత్తం తీసేసి మొదలుపెట్టాల్సిందే.

యాక్సెస్ 97లో చేసిన డేటాబేస్‌ను 2013, ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. యాక్సెస్ 2010 తెరిచి కొత్త రకంలోకి మారుస్తుంది. కాబట్టి కొత్త ఆఫీస్ కొన్నా సరే, పాత కంప్యూటర్‌లో 2010 ఉండగానే ఆ మార్పిడి కానిచ్చేయండి. అదే ఊపులో ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైలును (మెయిళ్లన్నీ ఉండే ఫైలు) కూడా కాపీ చేసుకోండి. 2010లో అది డాక్యుమెంట్స్ కింద ‘ఔట్‌లుక్ ఫైల్స్’ ఫోల్డర్‌లో ఉంటుంది. 2007లో మాత్రం దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి డాక్యుమెంట్స్ మొత్తం కాపీ చేసినా రాదు. గౌతమి ఫాంట్‌లో రాసిన తెలుగు ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లో వేరే అక్షరాలతో కనిపిస్తే, విండోస్ సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు అదనపు ఫాంట్ల ప్యాక్ ఎక్కించుకోండి. విండోస్ 10 నుంచి ఆ ఫాంట్ విడిగా వస్తోంది.