కిటికీలకు దోమల మెష్ వేయించాం, ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా

పోయిన వానాకాలం మా చిన్నపాపకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో అని రోజూ రక్తం తీయిస్తూ వారం రోజులు పడిన టెన్షన్ నాకే తెలుసు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే తిరుచానూరు రోడ్డు వైపున్న ఒక షాపులో చెప్పి కిటికీలన్నిటికీ మెష్ వేయించాం.

మాకు ఐదు కిటికీలు, ఒక్కోటి నాలుగడుగులు బై నాలుగడుగులు. అల్యూమినియం ఫ్రేమ్‌లో జరిపే రకం, చదరపు అడుగు 140 చొప్పున 11,200 అయింది. వెల్క్రోతో అంటించేది చాలా తక్కువలో వస్తుంది గానీ, మా అక్కవాళ్ళింట్లో రెండు ఎండాకాలాలకే జిగురు వదిలేసి అంచులు ఊడొచ్చాయి, మన తిరుపతి ఎండకి అది ఆగదు. మాది ఇప్పటికీ ఎక్కడా చినగలేదు, గాలి కొంచెం తగ్గింది. నెలకోసారి పాత బ్రష్‌తో దుమ్ము దులపకపోతే ఇంకా తగ్గుతుంది.

షాపువాళ్ళ మీద నా కోపం ఒక్కటే. బాత్‌రూమ్ వెంటిలేటర్ కొలత తీసుకోలేదు, బాల్కనీ తలుపు కింద వేలు దూరేంత సందు వదిలేసి వెళ్ళిపోయారు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే మూడు వారాలకి వచ్చి సరిచేశారు. డబ్బంతా ముందే ఇవ్వకండి.

కానీ బిగించడానికి వచ్చిన అబ్బాయికి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. వంటింటి పక్కన నీళ్ళ డ్రమ్ములోకి తొంగిచూసి, "అక్కా, పురుగులు ఆడతా ఉండాయి చూడు, మెష్ వేస్తే ఇవి దోమలై బయటికి పోలేక ఇంట్లోనే ఉంటాయి గదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రోజు విడిచి రోజు కుళాయి వస్తుందని పట్టి పెట్టుకున్న నీళ్ళే అవి.

చిన్నప్పుడు బడిలో 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమలో కనిపెట్టాడని చదివి, దోమంటే చీకటి పడ్డాక కుట్టేదే అని నా బుర్రలో ఉండిపోయింది, అందుకే సాయంత్రం ఐదింటికి కిటికీలు మూసేసి ఇక భయం లేదనుకునేదాన్ని. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ సంగతి అది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ, కాళ్ళ మీద తెల్లచారలుంటాయి చూడండి, అది పగలే కుడుతుంది, పొద్దునపూటా సాయంత్రం పొద్దు గుంకేముందూ మరీ ఎక్కువ. మురుగుకాలవ కాదు, ఇంట్లో నిలవున్న మామూలు నీళ్ళే దానికి కావాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎండల్లో వారం పది రోజులు చాలు. ఇంకో విషయం, గుడ్లు నీటి అంచున డ్రమ్ము గోడకి అతుక్కుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. ఊరికే ఒంపేసి మళ్ళీ నింపితే మొదటికొస్తుంది. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం పీచుతో లోపలి గోడలు గట్టిగా రుద్ది కడిగి, నింపాక మూత మీద గుడ్డ కట్టేస్తున్నా.

మెష్ వేయించుకోండి, పెట్టిన డబ్బు దండగ కాదు, పిల్లలున్న ఇంట్లో అయితే ఆలోచించొద్దు కూడా. రంగులు చూసేముందు అంగుళానికి 18 బై 16 పోగుల అల్లిక ఉందో లేదో అడగండి. బిగించేవాళ్ళు వచ్చేలోపే డ్రమ్ములు, కూలర్, పూలకుండీల కింది పళ్ళేలు కడిగేయండి. ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే ట్రే కూడా లాగి చూడండి, మాకు అక్కడా పురుగులు కనిపించాయి.