మారతహళ్లి వీసా సలహా కేంద్రం: రుసుముకు తగిన పనేనా?

మా అల్లుడు జర్మనీ పౌరుడు కావడంతో, ఆయన ఎంట్రీ వీసా (భారతీయుల జీవిత భాగస్వాముల వంటివారికి ఇచ్చే వీసా) పొడిగింపు కోసం బెంగళూరు మారతహళ్లిలో తెలుగువారు నడుపుతున్న ఒక వీసా సలహా కేంద్రాన్ని ఆశ్రయించాము. దరఖాస్తు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లోనే (విదేశీయుల నమోదు కార్యాలయం వారి వెబ్‌సైటు) సమర్పించాలి కనుక, ఓపిక ఉన్నవారు స్వయంగా చేసుకోవచ్చు. ఈ మాట సలహా కేంద్రంవారే ముందుగా చెప్పడం నాకు నచ్చింది.

వారి అసలు నైపుణ్యం పత్రాల పరిశీలనలో కనిపించింది. అద్దె ఒప్పందంలో మా అమ్మాయి పేరు మాత్రమే ఉండటాన్ని, వివాహ ధ్రువపత్రంలోని ఇంటిపేరు పాస్‌పోర్టుతో సరిపోలకపోవడాన్ని గమనించి, అప్‌లోడ్ చేయకముందే తగిన వివరణ లేఖలు సిద్ధం చేయించారు. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లోగా వారి వివరాలను అధికారులకు సమర్పించాలన్న నియమం హోటళ్లకే పరిమితం కాదని, మాలాంటి గృహస్థులకూ వర్తిస్తుందని విడమరిచి చెప్పారు. ఈ-టూరిస్ట్ వీసాపై వచ్చిన మరొకరిని, దానికి పొడిగింపు ఉండదని చెప్పి, పైసా తీసుకోకుండా పంపించారు.

ఫోన్ మాత్రం ఎత్తరు. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు. నమోదైన వివాహానికి రెండేళ్లు నిండాక ఓసీఐ కార్డు (విదేశీ పౌరులు భారత్‌లో దీర్ఘకాలం ఉండేందుకు వీలు కల్పించే కార్డు) కోసమూ వీరి దగ్గరికే వెళ్తాము గానీ, రసీదు రాయించుకున్నాకే డబ్బు చెల్లిస్తాము.