నెలకు ఐదు వేలు మిగిలితే ఏది మేలు: చీటీయా, షేర్లా, ఇండెక్స్ ఫండా, వాట్సాప్ గ్రూపు చెప్పిన యాపా?

తిరుపతిలో నెల జీతం మీద నడిచే ఇళ్లలో అద్దె, పిల్లల ఫీజులు, సరుకుల ఖర్చు పోను నాలుగైదు వేలు మిగిలితే ఆ డబ్బు ఇదివరకు రెండు దారుల్లోనే వెళ్లేది. చీటీ కట్టేవారు, లేదా తెలిసినవారికి ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవారు. షేర్లను ఉంచుకునే డీమ్యాట్ ఖాతా ఫోనులోనే తెరుచుకునే రోజులు వచ్చాక షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కూడా బైరాగిపట్టెడ నుంచి తిరుచానూరు దాకా మామూలు మాటలయ్యాయి. వాటి వెనకే, ఎవరూ పిలవకపోయినా ఫోనులోకి వచ్చి కూర్చునే పెట్టుబడి సలహాల గ్రూపులూ వచ్చాయి. వీటిని పోల్చేటప్పుడు అందరూ మొదట అడిగేది "ఎంత వస్తుంది?" అనే. ఆ ప్రశ్నను కాసేపు పక్కన ఉంచి, "ఇచ్చిన డబ్బు ఈ క్షణాన ఎవరి పేరున, ఎక్కడ ఉంది? నేను అడిగిన రోజున దాన్ని తిరిగి ఇవ్వవలసిన బాధ్యత చట్టప్రకారం ఎవరిది?" అని ముందుగా అడిగితే, నాలుగింటిలో ఒకటి అక్కడికక్కడే పోటీ నుంచి తప్పుకుంటుంది. మిగిలిన మూడింటిలో దేనికి ఎంత ఇవ్వాలన్నది ఆ తరువాతి లెక్క.

చీటీని చిన్నచూపు చూడనవసరం లేదు. 25 మంది సభ్యులు నెలకు 20,000 చొప్పున కట్టే ఐదు లక్షల చీటీని తీసుకుందాం. ఒక నెల పాటలో ఎవరో 1,25,000 తగ్గించుకుని 3,75,000కు పాడుకున్నారనుకుంటే, అందులో చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్, చీటీ మొత్తంలో ఐదు శాతం, అంటే 25,000 పోగా మిగిలిన లక్ష రూపాయలు సభ్యులందరికీ తలా 4,000 చొప్పున డివిడెండుగా వస్తాయి కాబట్టి, ఆ నెల కట్టవలసింది 16,000 మాత్రమే. కూతురి పెళ్లికో, కొట్టులో సరుకు నింపడానికో చేతికి ఒక్కసారి మొత్తం కావలసినవారికి, బ్యాంకు చుట్టూ తిరగకుండా దొరికే అప్పుగా చీటీ బాగా పనికొస్తుంది. చివరిదాకా పాడకుండా ఆగి లాభం చేసుకుందామనుకునేవారికి మాత్రం దాని నుంచి వచ్చేది పెద్దగా చెప్పుకోదగినది కాదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి గ్రూపునూ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి, ఫోర్‌మన్ చీటీ మొత్తానికి సమానమైన పూచీ చూపాలి. 2019 సవరణతో కమీషన్ పరిమితి ఏడు శాతానికి పెరిగింది. వీధిలో ఎవరో పుస్తకం మీద రాసుకుని నడిపే చీటీకి ఈ రక్షణ ఏదీ వర్తించదు. నడిపేవారు ఎంత మంచివారైనా, ఇద్దరు ముగ్గురు సభ్యులు పాడుకున్నాక వాయిదాలు ఆపేస్తే వారు మాత్రం ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు?

షేర్ల సంగతికి వద్దాం. షేరు కొన్నవారు ఆ కంపెనీలో ఆ మేరకు భాగస్వాములవుతారు. కంపెనీ లాభాలు పెరిగితే షేరు విలువ పెరగవచ్చు, లాభాలు తగ్గితే పడవచ్చు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది, కొన్న షేర్లు బ్రోకర్ దగ్గర కాకుండా షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ అనే రెండు డిపాజిటరీలలో ఏదో ఒకదానిలో మన పేరున, మన పాన్ నంబరుతో ముడిపడి ఉంటాయన్నది. కొన్న మరుసటి పనిదినానికి షేర్లు ఖాతాలోకి చేరే పద్ధతి 2023 జనవరి నుంచి అన్ని షేర్లకూ అమల్లో ఉంది. డిపాజిటరీ నేరుగా సందేశం పంపుతుంది, ఖాతా వివరాల పట్టికనూ పంపుతుంది. దాన్ని తెరిచి చూసే అలవాటు చాలామందికి లేదు గానీ, బ్రోకర్ యాప్ చూపే అంకెలకన్నా ఆ పట్టికకే ఎక్కువ విలువ ఇవ్వాలి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను వారికి తెలియకుండా తాకట్టు పెట్టిన వ్యవహారం 2019 నవంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వుతో బయటపడింది. రిజిస్టరైన బ్రోకర్ అయినంత మాత్రాన కళ్లు మూసుకోకూడదని ఆ ఉదంతం చెబుతోంది. ఆ తరువాత తాకట్టు, పవర్ ఆఫ్ అటార్నీ నిబంధనలు గట్టిపడ్డాయి.

నేరుగా షేర్లు కొనడంలో అసలు కష్టం ఏ కంపెనీని ఎంచుకోవాలన్న దగ్గర వస్తుంది. మనవైపు చాలామంది కరకంబాడి దారిలో రోజూ కనిపించే అమర రాజా లాంటి కంపెనీతో మొదలుపెడతారు. తెలిసిన కంపెనీ, బంధువులెవరో అందులో పనిచేస్తున్నారు కాబట్టి కొంటారు. ఫ్యాక్టరీ గేటు తెలిసినంత మాత్రాన బ్యాటరీల వ్యాపారంలో సీసం ధర, పోటీ, కొత్త సాంకేతికత లాభాన్ని ఎటు నడిపిస్తాయో తెలిసినట్టు కాదు. పైగా జీతమూ, పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడితే, ఆ కంపెనీకి గడ్డుకాలం వచ్చినప్పుడు రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. తెలుగువారికి ఇందులో సత్యం కంప్యూటర్స్‌కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. ఖాతా పుస్తకాల్లో వేల కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్టు చూపామని ఆ సంస్థ చైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ రాసిన రోజున, ముందురోజు సుమారు 180 రూపాయలున్న షేరు 40 రూపాయల దగ్గరకు పడిపోయింది. అది అనామక కంపెనీ కాదు; దేశంలోని యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50లో ఉన్న కంపెనీ, పెద్ద ఆడిట్ సంస్థ సంతకం ఉన్న లెక్కలు. బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్చుకున్న సామాన్య పెట్టుబడిదారు కూడా ఆ మోసాన్ని పట్టుకోగలిగేవాడు కాదు.

ఇండెక్స్ ఫండ్ మేలు ఇక్కడే కనిపిస్తుంది. నిఫ్టీ 50 సూచీలోని యాభై కంపెనీలను అదే నిష్పత్తిలో కొని ఉంచడం తప్ప ఆ ఫండ్ మరో తెలివితేటలకు పోదు. సత్యాన్ని ఆ జనవరిలోనే సూచీ నుంచి తొలగించి మరో కంపెనీని చేర్చారు. ఒక్క సత్యంలోనే డబ్బు పెట్టినవారు మునిగిపోగా, యాభైలో ఒకటిగా దాన్ని మోసినవారికి చిన్న గాయం మిగిలింది. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ తీసుకుంటే ఇలాంటి ఫండ్ల ఖర్చు ఏడాదికి సుమారు 0.2 శాతం, ఒక్కోచోట అంతకన్నా తక్కువే ఉంటుంది. నిఫ్టీని 1995 నవంబరు 3న 1,000గా లెక్కగట్టి మొదలుపెట్టారు. 2024 ఆగస్టులో అది 25,000 దాటింది. డివిడెండ్లను కలపకుండానే ఇది ఏడాదికి దాదాపు 12 శాతం చక్రవడ్డీతో సమానం.

అయితే ఈ 12 శాతం అంకె బ్యాంకు వడ్డీలా ఏటేటా వచ్చి పడేది కాదు. 2008 జనవరిలో 6,300 దాటిన సూచీ అదే అక్టోబరులో 2,300 దిగువకు వెళ్లింది, పాత శిఖరాన్ని గట్టిగా దాటిపోవడానికి 2014 దాకా పట్టింది. 2020 జనవరిలో 12,400 దగ్గర ఉన్నది కొవిడ్ భయంతో మార్చి 23 నాటికి 7,610కి పడింది. అలాంటి నెలల్లో అమ్మకుండా ఉండగలిగినవారికే ఆ సగటు చేతికందుతుంది. అందువల్ల రాబోయే ఐదేళ్లలో కావలసిన డబ్బును, పిల్లల కాలేజీ ఫీజు కావచ్చు, ఇంటి బయానా కావచ్చు, ఇందులో పెట్టకపోవడమే మంచిది. దానికి బ్యాంకు డిపాజిట్ ఉంది. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. పన్ను సంగతి చిన్నదే: ఏడాది దాటాక అమ్మితే ఏటా 1,25,000 రూపాయల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం, ఏడాదిలోపే అమ్మితే 20 శాతం.

షేర్ల రాబోయే ధర మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్ల మీద నా అభిప్రాయానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీయే 2024 సెప్టెంబరులో వెల్లడించింది. కొత్తవారికి అది పెట్టుబడి జాబితాలోకే రాదు.

ఇక నాలుగో దారి. మోసం చేసే యాప్‌కూ అసలు ఖాతాకూ తెర మీద తేడా కనిపించదు, మెట్టుమెట్టుకూ పోల్చి చూస్తేనే తెలుస్తుంది. అసలు బ్రోకర్ దగ్గర ఖాతా మనం వెతుక్కుని వెళ్లి తెరుస్తాం. నకిలీ గ్రూపు మనల్ని వెతుక్కుంటూ వస్తుంది, పేరున్న సంస్థ లోగోను, ఎవరో ప్రొఫెసర్ ఫొటోను అరువు తెచ్చుకుంటుంది. గ్రూపులో రోజూ "సార్, ఈరోజు నలభై వేలు వచ్చాయి" అని రాసే సభ్యుల్లో చాలామంది నడిపేవారి మనుషులే. యాప్‌ను లింకు పంపి వేయిస్తారు. డబ్బు పంపవలసిన బ్యాంకు ఖాతా ప్రతిసారీ మారుతుంది, అది ఎక్కడో ఏ ట్రేడర్స్ పేరునో, ఎంటర్‌ప్రైజెస్ పేరునో ఉంటుంది. అసలు బ్రోకర్‌కు మన సొంత బ్యాంకు ఖాతా నుంచే డబ్బు వెళుతుంది, అదే ఖాతాకు తిరిగి వస్తుంది. 2025 అక్టోబరు నుంచి రిజిస్టరైన బ్రోకర్ల, మ్యూచువల్ ఫండ్ల యూపీఐ ఐడీల్లో 'వ్యాలిడ్' అన్న మాట, చెల్లించే తెరపై ఆకుపచ్చ త్రికోణంలో పైకెత్తిన బొటనవేలి బొమ్మ కనిపించే ఏర్పాటును సెబీ తెచ్చింది.

ఐపీఓ, అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం, పేరుతో వల వేయడం మరీ ఎక్కువ. "మా సంస్థాగత కోటాలో మీకు తక్కువ ధరకు ఖాయంగా ఇప్పిస్తాం, ముందు రెండు లక్షలు పంపండి" అంటారు. నిజమైన ఐపీఓ దరఖాస్తులో డబ్బు ఎవరికీ పంపనక్కరలేదు. అస్బా పద్ధతిలో అది మన బ్యాంకు ఖాతాలోనే నిలిపి ఉంచబడుతుంది, షేర్లు వస్తేనే బయటికి పోతుంది. ఈ ఒక్క సంగతి తెలిసినవారి దగ్గర ఆ వల పారదు. ఆ తరువాత యాప్‌లో లాభం పెరుగుతూ కనిపిస్తుంది. నమ్మకం కుదరడానికి మొదట ఐదో పదో వేలు వెనక్కి ఇస్తారు కూడా. పెద్ద మొత్తం అడిగిన రోజున "ముందు ఇరవై శాతం పన్ను కట్టండి, ఆపైన విడుదల చేస్తాం" అంటారు. షేర్ల లాభం మీద పన్నును బ్రోకర్‌కు ముందుగా కట్టే పద్ధతి ఈ దేశంలో లేదు. రిటర్నుతో పాటు ఆదాయపు పన్ను శాఖకే కడతాం. ఆ మాట వినపడగానే పోయిన దానికి ఇంకొంత కలపకుండా ఆగిపోవాలి.

ఫోను రాకముందు ఇదే పని మనిషి చేసేవాడు, ఇప్పటికీ చేస్తున్నాడు. మన వీధివాడే, మన బంధువే, కొండకు వెళ్లొచ్చినప్పుడల్లా లడ్డూ తెచ్చి చేతిలో పెట్టేవాడే వచ్చి నెలకు పది శాతం ఇస్తానంటాడు. ఆ మాటను కాగితం మీద వేసి చూడండి. నెలకు పది శాతం చొప్పున తిరిగి పెడుతూ పోతే లక్ష రూపాయలు ఏడాదికి మూడు లక్షలు దాటుతాయి, ఐదేళ్లకు మూడు కోట్లు దాటుతాయి. అంత సంపాదించే విద్య చేతిలో ఉన్నవాడు మన లక్ష కోసం చెప్పులరిగేలా ఎందుకు తిరుగుతాడు? మొదట చేరినవారికి ఇచ్చేది తరువాత చేరినవారి డబ్బే. కొత్తవారు రావడం తగ్గిన నెలలో అంతా ఆగుతుంది. అగ్రిగోల్డ్‌లో కట్టిన లక్షలాది కుటుంబాల బాధ ఈ జిల్లాల్లోనూ అందరికీ తెలిసిందే. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది, అయినా కేసులు నడిచి ఆస్తులు వేలానికి వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

సలహా ఇచ్చేవారెవరైనా సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రీసెర్చ్ అనలిస్టులకు ఐఎన్‌హెచ్, సలహాదారులకు ఐఎన్‌ఏ, బ్రోకర్లకు ఐఎన్‌జడ్ అక్షరాలతో అది మొదలవుతుంది. నంబరు చెప్పగానే తృప్తి పడక సెబీ వెబ్‌సైట్‌లోని జాబితాలో పేరు, ఫోను నంబరు సరిపోయాయో లేదో చూడాలి, ఎందుకంటే వేరొకరి నంబరును వాడుకునేవారూ ఉన్నారు. రిజిస్టరైనవారెవరూ ఇంత లాభం ఖాయమని హామీ ఇవ్వకూడదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. డబ్బు ఖాతాలు మారేలోపు ఆపించే అవకాశం గంటల్లోనే ఉంటుంది. పరువు పోతుందని వారం రోజులు దాచుకుంటే ఆ అవకాశమూ పోతుంది. పోయిన డబ్బు తెప్పిస్తామని ఫీజు అడుగుతూ వచ్చేవారు రెండో విడత మోసగాళ్లు.

కాబట్టి నెలకు ఐదు వేలు మిగిలే ఉద్యోగికి నా సలహా ఇది. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరేదాకా షేర్ల మాట ఎత్తవద్దు. అది చేరాక నాలుగు వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్‌గా, అంటే నెలనెలా ఖాతా నుంచి దానంతటదే పోయే వాయిదాగా వెళ్లాలి. కంపెనీలను చదివే ఆసక్తి ఉంటే మిగిలిన వెయ్యితో నేరుగా షేర్లు కొనవచ్చు, లేకపోతే అదీ ఫండ్‌కే. ఐదు వేలూ ఫండ్‌లోనే పెట్టి, ఏడాదికి పది శాతం వస్తుందనుకుని లెక్కవేస్తే, పదిహేనేళ్లలో కట్టిన తొమ్మిది లక్షలు సుమారు 21 లక్షలవుతాయి, పది శాతం రావాలన్న నియమం ఎక్కడా లేకపోయినా. పెద్ద ఖర్చు దగ్గరపడుతున్న ఇంటికి మాత్రం సిప్‌కన్నా రిజిస్టరైన చీటీయే మేలు.

చిత్తూరు వైపు తోతాపురి రైతుకు ఈ లెక్క సరిపడదు. ఆయనకు నెల జీతం లేదు, జూన్, జులైలలో కాయ పోయాక పల్ప్ ఫ్యాక్టరీ నుంచి డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు ఒక్కసారిగా వస్తుంది. నెలనెలా సిప్ పెట్టుకుంటే ఖాతాలో డబ్బు లేని నెలల్లో వాయిదా తిరిగిపోయి బ్యాంకు జరిమానా పడుతుంది. ఆయన ముందు నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు ఏదైనా ఉంటే తీర్చుకోవాలి, ఏ షేరూ ఏడాదికి 24 శాతం ఖాయంగా ఇవ్వదు కాబట్టి. తరువాతి పంట పెట్టుబడికి కావలసింది పక్కన పెట్టి, మిగిలినదాన్ని స్వల్పకాలిక రుణపత్రాల్లో డబ్బు పెట్టే లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, అక్కడి నుంచి నెలకు కొంత చొప్పున ఇండెక్స్ ఫండ్‌లోకి మారేలా ఒకసారి రాసి ఇస్తే సరిపోతుంది. ధర పడిపోయిన ఏడాదిలో ఆ మిగులే ఉండదు. ఆ ఏడాది ఏమీ పెట్టకపోయినా పాత పెట్టుబడికి వచ్చే నష్టం లేదు.