ఉలి, టంకం, హైడ్రాలిక్: కారు బ్యాటరీ కేబుల్‌కి లగ్గు ఎలా బిగిస్తే మేలు?

మా పాత డీజిల్ కారు ఒక ఎండాకాలం మధ్యాహ్నం మొండికేసింది. సెల్ఫ్ కొడితే ‘టక్’ అనడం తప్ప ఇంకేమీ లేదు. చూసినవాళ్లంతా బ్యాటరీ పోయిందన్నారు. మార్చాను. పది రోజులకి మళ్లీ అదే టక్కు. విసుగొచ్చి బానెట్ ఎత్తి, సెల్ఫ్ మోటార్‌కి వెళ్లే కేబుల్ లగ్గు (కేబుల్ కొసకి తొడిగే, బోల్టు కన్నున్న లోహపు గొట్టం) మీద వేలు పెడితే చురుక్కుమంది. బ్యాటరీ టెర్మినల్ చల్లగానే ఉంది, కేబుల్ కూడా పర్లేదు, మధ్యలో ఆ అంగుళం ముక్క మాత్రం కాలిపోతోంది. పట్టుకుని లాగితే లగ్గు ఊడి చేతికొచ్చింది. లోపల తీగలు కొన్ని నల్లగా, కొన్ని చిలుం పట్టి పచ్చగా, దేనికది విడివిడిగా ఉన్నాయి. ఆరు నెలల కిందట ఒక షాపులో ఉలి పెట్టి రెండు దెబ్బలేసి బిగించిన లగ్గు అది.

లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. సెల్ఫ్ 200 ఆంప్స్ లాగుతున్నప్పుడు అతుకు దగ్గర ఒక్క మిల్లీఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా 0.2 వోల్టు అక్కడే పోతుంది, 40 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కి సరిపోయే వేడి అది!

ఉలి సంగతి ఇంక ఎత్తను. దానికంటే నయమైనది సుత్తితో కొట్టే క్రింపర్, అంటే లగ్గుని తీగల మీద నొక్కి బిగించే (క్రింప్ చేసే) పనిముట్టు. లగ్గుని అందులో పడుకోబెట్టి పైనుంచి కొడితే మొద్దుబారిన మొన లగ్గు గొట్టంలోకి దిగి, తీగల్ని ఒక పక్కకి అదుముతుంది. కాంక్రీటు నేల మీద పెట్టి, బరువైన సుత్తితో కొడితే పనికొస్తుంది. చెక్క స్టూలు మీద పెడితే దెబ్బంతా స్టూలే తినేస్తుంది. చిక్కల్లా, ఎంత దిగిందన్నది కొట్టే చెయ్యిని బట్టి ఉంటుంది. దారిలో ఆగిపోతే సరే, బండికి శాశ్వతంగా వద్దు.

టంకం మీద మనవాళ్లకి గురి ఎక్కువ. లగ్గు గొట్టం నిండా టంకం కరిగించి కేబుల్ ముంచితే అతుకు తళతళలాడుతూ దిట్టంగా కనిపిస్తుంది, కరెంటూ బాగానే పారుతుంది. కానీ కరిగిన టంకం తీగల సందుల్లోంచి పైకి పాకుతుంది, దీపం వత్తికి నూనె ఎక్కినట్టు. పాకినంత మేర కేబుల్ కర్రలా బిగుసుకుంటుంది. ఇంజను అదురు మొత్తం ఆ కర్ర ముగిసే చోటే పడి, తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. పైన ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి బయటికి తెలియదు. క్రింప్ చేసి, ‘ఎందుకైనా మంచిది’ అని టంకం కూడా పోసేవాళ్లున్నారు. క్రింప్ బాగుంటే అది అనవసరం, బాగోకపోతే తప్పుని కప్పడమే.

నా ఓటు హైడ్రాలిక్‌కే, అంటే నూనె ఒత్తిడితో నొక్కే క్రింపర్‌కి. దాని ఆరు పలకల డై (నొక్కే అచ్చు) లగ్గుని చుట్టూ ఒకేలా నొక్కుతుంది. ఒకసారి అలా తునక కేబుల్ మీద నొక్కిన లగ్గుని హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి, ఎమరీ పేపర్‌తో రుద్ది చూశాను. గుండ్రటి తీగలు తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి అతుక్కుపోయి, సూది దూరే సందు లేదు. గాలి, తేమ లోపలికి పోలేకపోతే చిలుం పట్టదు.

అయితే టూల్ ఎన్ని టన్నులన్నది చూసి మురిసిపోకండి. కేబుల్, లగ్గు, డై మూడూ ఒకదానికొకటి సరిపడాలి. 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కి 35 లగ్గే. ‘35-8’ అని ఉంటే 8 అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు పట్టే కన్ను. లగ్గు వదులుగా ఉందని తీగ ముక్కలు కుక్కడం, బిగుతుగా ఉందని నాలుగు తీగలు కత్తిరించడం రెండూ తప్పే. డై మీది అంకెని కూడా గుడ్డిగా నమ్మలేం. ముందు తునక కేబుల్ మీద నొక్కి చూడండి. రెండు పక్కలా చెవుల్లా రేకు పొడుచుకొస్తే డై చిన్నదైనట్టు. పైసైజు డై వేయాలి. పలకలు సరిగ్గా పడకపోతే డై పెద్దదైనట్టు.

కేబుల్ కొనేటప్పుడు కోసిన కొసని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. ఎంత మంచి క్రింపైనా దాన్ని రాగి చేయలేదు.

ఎప్పుడో ఒక కేబుల్ మార్చేవాడికి ఈ టూల్ కొనడం దండగ. ప్యానెల్ బోర్డులు చేసేవాళ్లనో, సోలార్ బిగించేవాళ్లనో అడగండి, వాళ్ల దగ్గర ఉంటుంది. కొలత ప్రకారం కోసిన కేబుల్, లగ్గులు, లోపల జిగురుండే ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని అతుకుని కప్పే గొట్టం) పట్టుకెళ్తే నిమిషాల పని. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

ఇంటికొచ్చాక మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొనని బ్యాటరీ పాజిటివ్ సీసపు పోస్టు మీద, రెండోదాన్ని సెల్ఫ్ మోటార్ మీద కేబుల్ బిగించిన బోల్టుకి ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి, మీ చేతులు బెల్టులకి దూరంగా ఉండాలి. మా బండిలో పాత లగ్గుతో ఒక వోల్టు దాటింది. కొత్తదానితో 0.15.