ఫెయిర్ ఐల్ దక్షిణ లైట్‌హౌస్: యుద్ధకాలపు జాడల కోసం వెళ్ళేవారికి ఒక సమీక్ష

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల సమూహాలకు దాదాపు నడిమధ్యన ఉన్న ఫెయిర్ ఐల్ ద్వీపానికి ఎక్కువమంది పక్షులను చూడడానికో, అక్కడి ఊలు అల్లికల కోసమో వెళ్తారు. నేను వెళ్ళింది రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి లైట్‌హౌస్ కుటుంబాలు ఎలాంటి చోట, ఎలాంటి పరిస్థితుల్లో బతికాయో తెలుసుకోవాలని. అందుచేత ఈ సమీక్షలో పక్షుల ఊసు తక్కువగా ఉంటుంది. ప్రయాణం, బస, మ్యూజియం, ద్వీపానికి ఆ కొసనా ఈ కొసనా ఉన్న రెండు లైట్‌హౌస్‌లు ఈ ఒక్క ఆసక్తితో వచ్చినవారికి ఎంతవరకు అక్కరకు వస్తాయన్నదే నేను చూసుకున్న లెక్క. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: జరిగింది చదువుకుని వెళ్ళేవారికి ఇంతకు మించిన చోటు దొరకడం కష్టం, ఏమీ చదవకుండా వెళ్ళేవారికి తెల్లటి బురుజు, పచ్చిక, ఎడతెగని గాలి తప్ప మరేమీ కనిపించవు, ఎందుకంటే అక్కడ వివరించి చెప్పే ఏర్పాటు చాలా స్వల్పం.

ముందు ప్రయాణం సంగతి. షెట్లాండ్ ప్రధాన ద్వీపంలోని టింగ్వాల్ విమానాశ్రయం నుంచి చిన్న ఐలాండర్ విమానంలో సుమారు 25 నిమిషాలు పడుతుంది. షేర్ ఆటోలో లాగా భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి, కానీ కిటికీలోంచి కనిపించే కొండకొమ్ముల దృశ్యానికి ఆ ఇరుకు మరిచిపోతాం. రెండో దారి ‘గుడ్ షెపర్డ్ 4’ అనే పడవ. అది 12 మందిని మాత్రమే ఎక్కించుకుని, గ్రట్‌నెస్ రేవు నుంచి దాదాపు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. ఈ పడవ ఉండేది షెట్లాండ్‌లో కాదు, ఫెయిర్ ఐల్‌లోనే; పొద్దున అక్కడి నుంచి బయలుదేరి సరుకులు, మనుషులతో తిరిగి అక్కడికే చేరుతుంది కనుక పడవలో వెళ్ళి అదే రోజు వెనక్కి రావడం కుదిరే పని కాదు. సముద్రం బాగా లేనప్పుడు రేవులో పడవను నీళ్ళలో ఉంచకుండా ఉయ్యాల లాంటి బండి మీద గట్టుకు లాగి పెడతారు. ఆ లాగే తంతును దగ్గర నుంచి చూడండి. ఇనుప తీగ బిగుసుకుంటూ ఉంటే సిబ్బంది మాటలు ఆపేసి చేతి సైగలతోనే పని నడిపిస్తారు. సరైన రేవు లేని ద్వీపానికి యుద్ధం రోజుల్లో బొగ్గు, నూనె, తిండిగింజలు చేర్చడం ఎంత కష్టమై ఉంటుందో ఆ కాసేపట్లో బోధపడుతుంది.

పొగమంచు కమ్మితే విమానం రాదు, గాలి రేగితే పడవ కదలదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే నేను ప్రయాణం కుదుర్చుకున్న ఒక ఏజెంటు ‘ఒక పూట సరిపోతుంది’ అని నమ్మబలికిన మాట మాత్రం తప్పు. కొన్ని రోజుల్లో పొద్దున దిగి సాయంత్రం ఎక్కే వీలున్నా, అలా వెళ్ళినవారు రెండు లైట్‌హౌస్‌లలో ఒక్కదాన్నే సరిగ్గా చూడగలుగుతారు. కనీసం రెండు రాత్రులైనా ఉండేలా, ఆ పైన వాతావరణం కోసం ఒక రోజు చేతిలో పెట్టుకుని వెళ్ళడం మంచిది. బసకు పక్షుల పరిశీలన కేంద్రంతో పాటు కొన్ని ఇళ్ళు ఉన్నాయి; భోజనం సాధారణంగా బసలోనే పెడతారు. ద్వీపంలో ఉన్నది ఒకే ఒక దుకాణం, కాబట్టి శాకాహారులు ఆ మాట ముందుగానే చెప్పుకోవాలి. అబర్డీన్‌లోనో ఎడిన్‌బరోలోనో ఉంటున్న మనవాళ్ళు ఒక ఆవకాయ సీసా సంచిలో వేసుకుని వెళ్తే ఉడికించిన బంగాళాదుంపలతో పేచీ ఉండదు.

ఇక అసలు విషయం. ఇక్కడి రెండు లైట్‌హౌస్‌లనూ లైట్‌హౌస్ ఇంజనీర్ల కుటుంబమైన స్టీవెన్సన్‌లకు చెందిన డేవిడ్, చార్లెస్ సోదరులు కట్టించారు. రెండూ 1892లో వెలిగాయి. ఉత్తరాన స్క్రూ, దక్షిణాన స్కాడన్ అని వాటి చోట్ల పేర్లు. దక్షిణపు దీపం 30 సెకన్లకు నాలుగు మెరుపులు, ఉత్తరపు దీపం 30 సెకన్లకు రెండు మెరుపులు ఇస్తాయి. చీకట్లో నావికుడు తాను ద్వీపానికి ఏ కొసన ఉన్నాడో మెరుపులు లెక్కపెట్టి తెలుసుకుంటాడు. 1588లో స్పెయిన్ నౌకాదళానికి చెందిన ‘ఎల్ గ్రాన్ గ్రిఫాన్’ అనే ఓడ ఈ రాళ్ళకే తగిలి మునిగింది. అట్లాంటిక్‌కూ ఉత్తర సముద్రానికీ నడుమ దారి ఇది. ఈ దారిలో దీపం ఉంటే అన్ని దేశాల ఓడలకూ మేలే. ఈ లైట్‌హౌస్‌లను నడిపే నార్తర్న్ లైట్‌హౌస్ బోర్డు ఆదర్శవాక్యం కూడా ‘అందరి క్షేమం కోసం’ అనే.

యుద్ధం వచ్చాక ఆ ‘అందరి’ అన్న మాట చెల్లకుండా పోయింది. శత్రు విమానాలకూ జలాంతర్గాములకూ దారి చూపే దీపాన్ని రాత్రంతా వెలిగించి ఉంచడం కుదరదు, తమ ఓడలు వచ్చే వేళ వెలిగించకుండా ఉండడమూ కుదరదు. అందుచేత స్కాట్లాండ్ తీరంలోని దీపాలను చాలావరకు ఆర్పేసి ఉంచి, నౌకాదళం కోరినప్పుడు మాత్రమే, కోరినంత సేపే వెలిగించేవారు. దీపాన్ని చూసుకునే ఉద్యోగులైన కీపర్ల పని దీనివల్ల తగ్గిందనుకోకూడదు. దీపం వెలగని రాత్రి కూడా కబురు ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక కాపలా తప్పేది కాదు. కబురు వచ్చిందంటే వెంటనే వెలిగించడానికి దీపం, కటకాలు, వాటిని తిప్పే గడియారపు యంత్రం అన్నీ సిద్ధంగా ఉండాలి. 1940 వసంతంలో నార్వే జర్మనీ చేతికి చిక్కాక అక్కడి విమానాశ్రయాల నుంచి ఉత్తర సముద్రం దాటి వచ్చే విమానాలకు ఫెయిర్ ఐల్ దారిలోనే తగిలేది. తెల్ల రంగు వేసిన ఎత్తైన బురుజును పైనుంచి వచ్చేవారి కంట పడకుండా దాచడం ఎవరి తరమూ కాదు. పైగా ద్వీపంలో ఎత్తైన, 217 మీటర్ల వార్డ్ హిల్ మీద నౌకాదళం రాడార్ పెట్టింది. దాని శిథిలాలు ఇప్పటికీ కొండమీద ఉన్నాయి, ఎక్కి చూడవచ్చు.

1941 వసంతంలో మొదట ఉత్తరపు లైట్‌హౌస్ ఆవరణ మీద బాంబులు పడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో దక్షిణపు లైట్‌హౌస్ మీద జరిగిన దాడిలో సహాయక కీపర్ భార్య కాథరిన్ సదర్లాండ్ చనిపోయారు. ఆమె చంటిపాపకు గాయాలయ్యాయి. ఆరు వారాలు తిరిగిందో లేదో, 1942 జనవరి 21న విమానాలు మళ్ళీ అదే చోటికి వచ్చాయి. ఈసారి ప్రధాన కీపర్ భార్య మార్గరెట్ స్మిత్, వారి పదేళ్ళ కూతురు, అక్కడి తుపాకీ దళానికి చెందిన విలియం మోరిస్ అనే సైనికుడు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇంట్లోవాళ్ళు సైనికులు కారు. కీపర్లు నెలజీతం మీద బతికే ఉద్యోగులు, వారి భార్యాబిడ్డలు ఉద్యోగం ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి సామాను సర్దుకుని వెళ్ళినవారు. (అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. మన పెద్దల నోట ‘బాంబులు పడ్డ ఏడాది’ అన్న మాట విన్నవారికి ఈ కథ మరీ పరాయిగా అనిపించదు.)

దక్షిణపు లైట్‌హౌస్ దగ్గర ఈ మృతుల జ్ఞాపకార్థం ఒక ఫలకం ఉంది. చూడడానికి నిరాడంబరంగా, గౌరవంగా ఉంది, కానీ జరిగినదంతా అందులో ఇమడదు. ఆ ఫలకం దగ్గర నిలబడి చుట్టూ చూస్తే ఆవరణ గోడ, బురుజు, మిగిలిన ఇళ్ళు కనిపిస్తాయి. ఏ ఇల్లు దెబ్బతిన్నది, ఏది తర్వాత కట్టినది అని చెప్పే బొమ్మగానీ పటంగానీ అక్కడ పెట్టలేదు. ఇంత దూరం వచ్చిన మనిషికి ఒక పాత ఛాయాచిత్రం, ఆవరణ నమూనా చూపించే చిన్న బోర్డు ఒకటి ఉంటే చాలు, ఖర్చు కూడా పెద్దది కాదు. నా ప్రధానమైన అసంతృప్తి ఇదే.

ఈ లోటును పూడ్చేది ఉత్తరం నుంచి దక్షిణానికి నడక, ఇది ఎవరూ టికెట్టు పెట్టి అమ్మేది కాదు. జనవరి 21 దాడి తర్వాత ఉత్తరపు లైట్‌హౌస్‌లో పనిచేసే సహాయక కీపర్ రోడరిక్ మకాలే మంచులో, పెనుగాలిలో మూడు మైళ్ళు నడిచి దక్షిణానికి వెళ్ళి, దీపాన్ని తిరిగి వెలిగించడానికి సాయపడి, తన కాపలా వేళకు అందుకునేలా చీకట్లోనే వెనక్కి నడిచి వచ్చారు. దానికి ఆయనకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. ఆ అక్షాంశంలో జనవరి మూడో వారంలో సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. నేను నడిచింది వేసవిలో, తారు రోడ్డు మీద, వీపుకు కొట్టే గాలితో. అయినా ఉత్తరపు సగంలో ఒక్క ఇల్లు కూడా లేదన్న సంగతి కాళ్ళకు తెలిసివచ్చింది. హెదర్ పొదలు, తడి నేల, గొర్రెలు, పక్కగా వార్డ్ హిల్ ఏటవాలు, ఆ తర్వాత విమానాలు దిగే గులకరాళ్ళ మైదానం. ఇళ్ళూ పొలాలూ మొదలయ్యేది దక్షిణపు సగంలోనే. బయలుదేరేముందు స్క్రూ దగ్గర కొండ అంచుకు వెళ్ళే సన్నటి దారిని తప్పక చూడాలి. పొగమంచులో ఓడలను హెచ్చరించడానికి ఊదే పాత బూర దాకా వెళ్ళే ఆ దారికి రెండు పక్కలా కంచె బిగించారు. కీపర్లు పెనుగాలిలో దాన్ని పట్టుకుని నడిచేవారు. నేను అక్కడ నిలబడినప్పుడు గాలి ఓ మోస్తరుగానే ఉంది, అయినా చేయి దానంతటదే కమ్మీని పట్టుకుంది. అందుకే ఉత్తరం నుంచి మొదలుపెట్టి దక్షిణంలో ముగించమంటాను. తిరుగు వరుసలో నడిస్తే మకాలే వెళ్ళిన దూరం ఒక వాహ్యాళిగా మిగిలిపోతుంది.

దారిలో కాస్త పక్కకు తిరిగితే వాసెటర్ దగ్గర ఒక జర్మన్ హైంకెల్ 111 విమానం ముక్కలు ఇప్పటికీ పడి ఉన్నాయి. వాతావరణం చూడడానికి వచ్చిన ఆ విమానం 1941 జనవరి 17న బ్రిటిష్ యుద్ధవిమానాల దెబ్బకు ఇక్కడ కూలింది. సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు, ముగ్గురు పట్టుబడ్డారు. లోహపు రేకులు మెత్తటి బూడిద రంగులోకి తిరిగి, రివెట్ల వరుసలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముట్టుకోవడానికి అడ్డం చెప్పేవారు లేరు, కానీ ముక్క విరిచి జేబులో వేసుకునే మహానుభావులు ఎక్కడైనా ఉంటారు కనుక ఈ నిర్లక్ష్యం ఎంతకాలం సాగుతుందో చూడాలి.

జార్జ్ వాటర్‌స్టన్ పేరిట ఉన్న చిన్న మ్యూజియం చక్కగా సర్దిన చోటు. వాటర్‌స్టన్ 1941లో క్రీట్‌లో జర్మన్లకు పట్టుబడి, యుద్ధఖైదీల శిబిరంలో కూర్చుని ఫెయిర్ ఐల్‌లో పక్షుల పరిశీలన కేంద్రం పెట్టాలని పథకం వేసుకున్న మనిషి. 1943లో విడుదలై స్వదేశానికి వస్తున్న ఓడలోంచి ఆయనకు మొట్టమొదట కనిపించిన బ్రిటిష్ నేల ఫెయిర్ ఐల్ అంటారు. ఆయన ద్వీపాన్ని కొని, నౌకాదళం వదిలేసి వెళ్ళిన గుడిసెలలోనే 1948లో ఆ కేంద్రాన్ని ప్రారంభించారు. తర్వాత 1954లో ద్వీపం, వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థ చేతికి వచ్చింది. మ్యూజియం తెరిచి ఉండే వేళలు పరిమితం కాబట్టి, దిగిన రోజే ఆ వేళలు కనుక్కుని మిగతా కార్యక్రమాన్ని వాటికి తగ్గట్టు సర్దుకోవాలి.

బురుజు లోపలికి వెళ్ళడం హక్కుగా దొరికేది కాదు. దక్షిణపు లైట్‌హౌస్‌ను 1998 మార్చి 31న యంత్రాలకు అప్పగించారు. స్కాట్లాండ్‌లో మనుషులు నడిపిన ఆఖరి లైట్‌హౌస్ అదే. ఇప్పుడు అక్కడ కీపర్లు ఎవరూ ఉండరు కనుక, లోపల చూడాలనుకునేవారు బస కుదుర్చుకునేటప్పుడే అడిగి పెట్టుకోవాలి, కాదంటే నొచ్చుకోకూడదు. అనుమతి దొరకకపోయినా ఈ ప్రయాణం వృథా కాదు, ఎందుకంటే యుద్ధం నాటి కథంతా జరిగింది బురుజు మెట్ల మీద కాదు, దాని పాదం దగ్గరి ఇళ్ళలో, వాటి మధ్య నడిచిన దారిలో.

ఖర్చు తక్కువ కాదు. షెట్లాండ్ దాకా చేరడం, అక్కడి నుంచి విమానం లేదా పడవ, రెండు మూడు రాత్రుల బస కలిపితే అదే డబ్బుతో యూరప్‌లో ఏదో ఒక పెద్ద నగరం చూసి రావచ్చు. కడుపులో తిప్పే పడవ ప్రయాణం పడనివారు, గంటన్నర ఎదురుగాలిలో నడవలేనివారు, ప్రతి చోటా వివరాల బోర్డు కావాలనుకునేవారు ఇక్కడ నిరాశపడతారు. వారు స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోనే, ఫ్రేజర్‌బర్గ్‌లో ఉన్న స్కాటిష్ లైట్‌హౌస్ మ్యూజియం చూసుకోవడం మేలు. అక్కడ కటకాలు, యంత్రాలు, కీపర్ల గదులు అన్నీ ఒకే కప్పు కింద, మార్గదర్శకుడి వివరణతో సహా దొరుకుతాయి. రెండూ చూడగలిగిన వారైతే ముందు ఫ్రేజర్‌బర్గ్, తర్వాతే ఫెయిర్ ఐల్; వెళ్ళేది మాత్రం మే నుంచి ఆగస్టు లోపు పెట్టుకోండి.