బోల్ట్-ఆన్ మాడ్స్‌తో నిజంగా ఎన్ని హెచ్‌పీ పెరిగాయి? జీపీఎస్ మీటర్, ఓబీడీ, డైనో మూడూ వాడాక నా రివ్యూ

నాది 1.5 లీటర్ పెట్రోల్, మాన్యువల్, టర్బో లేని మామూలు ఇంజిన్. బోల్ట్-ఆన్ మాడ్స్ అంటే ఇంజిన్ విప్పకుండా బయట బిగించే పార్టులు: డ్రాప్-ఇన్ ఫిల్టర్ (కంపెనీ ఎయిర్ ఫిల్టర్ చోటే కూర్చునేది), ఇంటేక్ పైపు (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళేది), హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే మొదటి పైపులు), క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్ (పొగని శుభ్రం చేసే క్యాట్ తర్వాతి భాగం) ఒక్కొక్కటే వేస్తూ, ప్రతిదానికీ ముందూ తర్వాతా కొలుస్తూ వచ్చా. ఫోన్‌కి కనెక్ట్ అయ్యే 10 హెర్ట్జ్ (సెకనుకి పదిసార్లు కొలిచే) జీపీఎస్ మీటర్, బండి కంప్యూటర్ నుంచి సెన్సర్ రీడింగ్స్ ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, అప్పుడప్పుడు చాసిస్ డైనో (చక్రాలని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మెషిన్), ఈ మూడే వాడా. కొన్నేళ్ళ తర్వాత నా అభిప్రాయం సూటిగా చెప్తా: సొంతంగా కొలుచుకోవాలంటే జీపీఎస్ మీటర్ కొనుక్కోండి, డైనో మంచిదే కానీ షీట్ చదవడం తెలియాలి, ఓబీడీ యాప్‌లో కనిపించే హెచ్‌పీ నంబర్ మాత్రం అస్సలు నమ్మొద్దు.

జీపీఎస్ మీటర్ కొలిచేది స్పీడూ టైమూ మాత్రమే, హెచ్‌పీ మనం లెక్క కట్టుకోవాలి, అదేం పెద్ద కష్టం కాదు. మనిషితో కలిపి 1200 కిలోల బండి గంటకి 80 కిలోమీటర్ల నుంచి 120కి చేరాలంటే దాదాపు 370 కిలోజౌల్స్ శక్తి కావాలి. 6 సెకన్లలో చేరితే సగటున 62 కిలోవాట్లు, అంటే సుమారు 83 హెచ్‌పీ. 5.8 సెకన్లలో చేరితే 85.6 హెచ్‌పీ. గాలినీ రోడ్డునీ తట్టుకోవడానికి పోయేది దీనికి అదనం, అయితే ముందూ తర్వాతా పోల్చేటప్పుడు అది రెండు వైపులా దాదాపు ఒకటే కాబట్టి పక్కన పెట్టేయొచ్చు. సెకనులో ఐదో వంతు తగ్గితేనే దాదాపు 3 హెచ్‌పీ పెరిగినట్టు అన్నమాట, ఇక్కడే చాలామంది సంబరపడిపోతారు.

కానీ పక్క సీట్లో 60 కిలోల మనిషి కూర్చుంటే బరువు 5 శాతం పెరుగుతుంది, అంటే లెక్కలో 4 హెచ్‌పీ మాయం. 40 లీటర్ల పెట్రోల్ బరువే 30 కిలోలు. అన్నిటికంటే ఘోరం రోడ్డు వాలు, కంటికి చదునుగానే కనిపిస్తుంది కానీ ఒక్క శాతం ఎత్తు ఉన్నా 100 స్పీడ్‌లో ఈ బండికి 4 హెచ్‌పీ పైనే తినేస్తుంది. పోయే దిక్కులో లాభం, వచ్చే దిక్కులో నష్టం, ఒక వైపే రన్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్ళ నంబర్లకి అర్థమే లేదు.

అందుకే నేను మూసి ఉన్న ట్రాక్ మీద మాత్రమే చేస్తా (ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద ఈ పని దయచేసి చేయొద్దు), రెండు దిక్కుల్లోనూ, థర్డ్ గేర్‌లోనే, టైర్ ప్రెషర్, ట్యాంక్‌లో పెట్రోల్ అంతా ఒకేలా పెట్టుకుని సగటు తీస్తా. ఫిల్టర్ టెస్ట్ చేస్తే పాతదానితో రన్స్, కొత్తదానితో రన్స్, మళ్ళీ పాతది పెట్టి రన్స్, అదే రోజు. ఈ చివరి భాగం ఎవరూ చేయరు, నా దృష్టిలో అదే అసలు టెస్ట్. పాతది మళ్ళీ పెట్టినప్పుడు పాత టైమ్ తిరిగి రాలేదంటే మధ్యలో కనిపించిన తేడా ఫిల్టర్ వల్ల వచ్చింది కాదు, ఇంజిన్ వేడి వల్లో గాలి వల్లో వచ్చింది. ఇలా చేస్తే నా డ్రాప్-ఇన్ ఫిల్టర్ తేడా రన్‌కీ రన్‌కీ మధ్య మామూలుగా ఉండే తేడాలోనే కలిసిపోయింది.

ఓబీడీ సంగతికొస్తే, చాలా యాప్‌లు హెచ్‌పీని మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) రీడింగ్ నుంచి లెక్కేస్తాయి, సెకనుకి ఎన్ని గ్రాముల గాలి పోతోందో చూసి. ఇంటేక్ పైపు మార్చినప్పుడు సెన్సర్ కూర్చునే చోట వ్యాసం కాస్త పెరిగిందనుకోండి, అక్కడ గాలి వేగం తగ్గి సెన్సర్ తక్కువ చదువుతుంది, కొలిచే బద్దనే సాగదీసి పొడవు కొలిచినట్టు ఉంటుంది. నా బండిలో అదే జరిగింది, యాప్‌లో హెచ్‌పీ తగ్గింది, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్‌ని ఎంత సరిచేయాల్సి వస్తోందో చూపే నంబర్) ప్లస్ 8 శాతం దాకా ఎక్కింది, అంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) గాలి తక్కువ అనుకుని తక్కువ పెట్రోల్ పోసి, ఆక్సిజన్ సెన్సర్ చెప్పాక సరిచేసుకుంటోంది. ఫుల్ థ్రాటిల్‌లో చాలా బండ్లు ఆ సెన్సర్ మాట వినవు కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఓబీడీ అడాప్టర్ అసలు ఉపయోగం ఇదే, ఫ్యూయల్ ట్రిమ్, ఇంటేక్ గాలి వేడి చూడటానికి అది బంగారం. ఆ వేడి 3 డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత దాదాపు 1 శాతం తగ్గుతుంది, బానెట్ కింద ఓపెన్ ఫిల్టర్ పెట్టి ట్రాఫిక్‌లో నిలబడితే ఎంత ఎక్కుతుందో ఒకసారి చూడండి.

డైనోలో బానెట్ ఎత్తి, ముందు ఫ్యాన్ పెట్టి రన్ చేస్తారు, ఆ ఓపెన్ ఫిల్టర్‌కి అక్కడ దొరికే చల్లగాలి రోడ్డు మీద దొరకదు. ఇంకోటి, షీట్ మీద కరెక్షన్ (ఆ రోజు వాతావరణాన్ని ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చే లెక్క) ఏదో చూడండి: ఎస్ఏఈ అయితే 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ లెక్కన, ఎస్‌టీడీ అయితే 15.5 డిగ్రీల లెక్కన, అదే రన్‌కి ఎస్‌టీడీ సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ముందు షీట్ ఎస్ఏఈలో, తర్వాత షీట్ ఎస్‌టీడీలో ఇస్తే ఏ పార్టూ మార్చకుండానే 100 కాస్తా 104 అవుతుంది. నాకు ఒక చోట సరిగ్గా ఇలాంటి జతే ఇచ్చారు, ఫైల్ అడిగి రెండూ ఎస్ఏఈలో తెరిపిస్తే చెప్పిన లాభంలో ఎక్కువ భాగం పోయింది.

హెడర్, ఎగ్జాస్ట్ మాత్రం డైనోలోనూ జీపీఎస్‌లోనూ నిజంగా కనిపించాయి, పైన 5000 ఆర్‌పీఎం దాటాక. కింద 3000 లోపు కొంచెం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పోయింది. పీక్ హెచ్‌పీ ఒక్కటే చూస్తే ఇది దొరకదు, ఎందుకంటే 6000 ఆర్‌పీఎం దగ్గర 5 న్యూటన్ మీటర్లు పెరిగితే 4 హెచ్‌పీ పైన కనిపిస్తుంది, 2500 దగ్గర అదే 5 పోతే 2 హెచ్‌పీ కూడా తగ్గినట్టు ఉండదు. సిటీలో రోజూ నడిపేది ఆ 2500 దగ్గరే, కాబట్టి షీట్ అడిగేటప్పుడు టార్క్ కర్వ్ మొత్తం, స్టాక్ రన్ మీద వేసి అడగండి.

ప్రస్తుతం ఇంటేక్ పైపు తీసేసి కంపెనీ ఎయిర్‌బాక్స్ పెట్టేశా, ట్రిమ్స్ సున్నా దగ్గరికి వచ్చేశాయి, హెడర్, ఎగ్జాస్ట్ క్యాట్‌తో సహా ఉంచా. తర్వాత రీమ్యాప్ (ఈసీయూ సెట్టింగ్స్ మార్చడం) చేయిద్దామని ఉంది, దానికోసం ఇప్పటి సెటప్‌తో బేస్‌లైన్ రన్స్ తీసి పెట్టుకున్నా. జీపీఎస్ మీటర్‌ని డ్యాష్‌బోర్డ్ మీద ఆకాశం బాగా కనపడే చోట పెట్టండి, శాటిలైట్లు లాక్ అయ్యేదాకా ఆగండి, తొందరపడి మొదలెడితే ఆ రన్ వేస్టే.