జాతర రాత్రికి తప్పెటగుళ్లు పెట్టించాం, ఎలా ఉందంటే

జాతరకి మీ వీధిలో ఏం ప్రోగ్రాం పెట్టాలా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈసారి అనకాపల్లిలో మా వీధికి విజయనగరం వైపు పల్లె నుంచి ఒక తప్పెటగుళ్ల జట్టును పిలిపించాం. గుండె మీద రేకు తప్పెట వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ కథ చెప్పే పల్లె ఆట అది. కొత్త అమావాస్య రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఆడారు. పన్నెండు దాటినా చాపలు ఖాళీ కాలేదు. డబ్బు ఎంతైనా సరే, మళ్లీ వాళ్లనే పిలుస్తాం.

నేను బెల్లం మార్కెట్లో గుమస్తాను. నూకాంబిక అమ్మవారి జాతర ఉగాది ముందురోజు వచ్చే కొత్త అమావాస్యతో ఊపందుకుని నెలంతా సాగుతుంది. అప్పటికి గానుగలు చాలావరకు ఆగిపోయి, మార్కెట్‌కి దిమ్మలు రావడం తగ్గుతుంది. సీజనంతా బరువులు మోసిన మా కళాసీలకు ఒక రాత్రి తీరిగ్గా కూర్చునే వీలు దొరికేది అప్పుడే. వాళ్ల ఇళ్ల నుంచి వందా, రెండొందలూ చందా వస్తుంది. ఆ డబ్బుతో పెట్టే ఆట వాళ్లు చివరిదాకా చూసేలా ఉండాలని నా పట్టుదల.

కిందటేడు పెట్టిన స్టేజి డాన్స్ ప్రోగ్రాం నాకు ఇప్పటికీ బాధే. అరవై వేలు పోశాం. రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. స్పీకర్ల మోతకి ముసలివాళ్లు తలుపులు వేసుకున్నారు. మా అమ్మ గుండె దడ అంటూ పెరట్లో మంచం వేసుకుని పడుకుంది. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని పదకొండుకే లేచిపోయారు. చందా ఇచ్చినవాళ్లే చూడలేని ఆట ఎందుకు మరి?

అందుకే ఈసారి తప్పెటగుళ్లన్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చూసిన గుర్తు. కమిటీ కుర్రాళ్లకు నమ్మకం లేదు. "మైకు లేకుండా, లైట్లు లేకుండా ఎవరు చూస్తారు మావా?" అన్నారు. జట్టు గురువు గారికి ఫోన్ చేసి స్టేజి ఎంత వెడల్పు కావాలని అడిగితే ఆయన, "స్టేజి వొద్దు బాబూ, చెక్కల మీద గెంతితే కాళ్లు పట్టేస్తాయి. నేల చదును చేసి నీళ్లు జల్లించండి, చాలు" అన్నారు. అలాగే చేశాం.

వచ్చింది పదిహేడు మంది. గుండ్రటి రేకు తప్పెటను మెడలోంచి గుండె మీదకి వేలాడదీసుకుని రెండు చేతులతోనూ వాయిస్తారు. కాళ్లకు గజ్జెలు, నడుముకు మువ్వలు. ఇది యాదవుల ఆట, గొర్రెలు కాసుకునేవాళ్ల ఆట. అందుకే ముందు గంగమ్మకు దండం పెట్టే పాట పాడారు. గురువు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లంతా అందుకుంటారు. పాడేదీ, వాయించేదీ, గెంతేదీ అదే మనిషి. అది ఎంత కష్టమో దగ్గర కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. నాలుగడుగుల దూరంలో వాళ్ల మెడ నరాలు, కారుతున్న చెమట కనిపిస్తూనే ఉన్నా ఒక్కరి గజ్జె కూడా దరువు తప్పలేదు.

సారంగధర కథ ఎత్తుకున్నారు. సారంగధరుడి పావురం ఎగిరిపోయి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలే దగ్గర దరువు ఒక్కసారిగా తగ్గించి, వేళ్లతో మాత్రమే టకటకమనిపించారు. పావురం నడుస్తున్నట్టే ఉంది. పక్కన కూర్చున్న పిల్లలు జీళ్లు నమలడం ఆపి చూశారు. ఆమె వేసిన నింద నమ్మి రాజు సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికించే చోట మా వీధి ముసలమ్మలు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ కథ వాళ్లకు ముందే తెలుసు, అయినా ఏడ్చారు. నాకూ గొంతు పట్టేసింది.

తర్వాత విన్యాసాలు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మూడంతస్తులు కట్టారు. అన్నిటికంటే పైనున్న కుర్రాడు అక్కడ కూడా తప్పెట ఆపలేదు. ఇంకొకాయన వెనక్కి విల్లులా వంగి, నేల మీద పెట్టిన నోటును నోటితో అందుకున్నాడు. ముందు నమ్మకం లేదన్న కుర్రాళ్లే అప్పుడు జేబుల్లోంచి నోట్లు తీసి పెట్టారు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. పక్క వీధి సౌండ్ బాక్సులు మొదలయ్యాక వెనక వరసల్లోవాళ్లకి మాటలు వినపడలేదు. గురువు గారి ఒక్కరి దగ్గరైనా చిన్న మైకు పెట్టి ఉండాల్సింది, అది మా తప్పే. బట్టలు మార్చుకోవడానికి చోటు చూడలేదు, లారీ చాటున మార్చుకున్నారు. పెద్దవాళ్లని అలా నిలబెట్టినందుకు సిగ్గుపడ్డాను. కథ మధ్యలో కొంచెం సాగింది కూడా. ఇప్పటి పిల్లలకి గంటన్నర కథ ఎక్కువ. విన్యాసాలు కథ మధ్యమధ్యలో పెట్టమని ముందే అడిగితే మంచిది.

పిలిచేవాళ్లకి ఇంకో మాట: ఆటకి ముందు భోజనం పెట్టకండి, కడుపు నిండా తిని గెంతలేరు. టీ, అరటిపళ్లు చాలు, అన్నం ఆట అయ్యాక. మాకు వ్యాను ఖర్చుతో కలిపి ఇరవై నాలుగు వేలైంది. పదిహేడు మంది మధ్య పంచుకుంటే తలకి ఎంత వస్తుందో లెక్కేసుకుని, దయచేసి బేరం ఆడకండి.

ఆ రాత్రి మా సామాజిక భవనంలో పడుకుని, ఉగాది పొద్దున పచ్చడి తిని బయల్దేరారు. తలా రెండు కిలోల కొత్త బెల్లం కట్టి ఇచ్చాం. వచ్చే ఏడు మనవణ్ని కూడా తెస్తానన్నారు గురువు గారు. వాడికి పదేళ్లట, వాడి గుండెకి సరిపోయే చిన్న తప్పెట చేయించాలట. ఆ తప్పెట ఖర్చు మా వీధిదేనని వ్యాను ఎక్కేముందే మాటిచ్చాను.